చేసిందెవరో చెప్పాలా, వద్దా?

తెలంగాణలోని బొగ్గు గనుల ఊరు మందమర్రిలో ఏ పిల్లవాణ్నయినా అడగండి, 'కేకే-5 బాయిల బొగ్గు తీస్తరు' అంటాడు. తీసేదెవరో చెప్పడు, చెప్పాల్సిన పనీ లేదు. ఇంగ్లిష్‌లో పాసివ్ వాయిస్ చేసే పని దాదాపు ఇదే: 'కోల్ ఈజ్ మైన్డ్ హియర్'.

బడిలో మాత్రం 'రామ కిల్డ్ రావణ'తో మొదలుపెడతారు. కర్మను ముందుకు జరుపు, 'వాజ్' పెట్టు, క్రియ మూడో రూపం రాయి, చివర 'బై' తగిలించు. మార్కు పడుతుంది. ఎప్పుడు వాడాలో మాత్రం తెలియదు. పైగా 'రాముని చేత రావణుడు చంపబడెను' అని అర్థం చెబుతారు. ఇంట్లో అలా ఎవరు మాట్లాడతారు?

యాక్టివ్ కుదిరితే పాసివ్ వద్దని 1946లో రచయిత జార్జ్ ఆర్వెల్ ఒక వ్యాసంలో రాశాడు. ఆ వ్యాసంలోనే ఆయన పాసివ్‌లు బోలెడు వాడాడనుకోండి! దొంగెవరో తెలియనప్పుడు 'మై సైకిల్ వాజ్ స్టోలెన్' అనడమే సబబు. నోటీసు బోర్డు మీద 'పనులు నిలిపివేయబడినవి' అని కనిపిస్తే మాత్రం, ఆపిందెవరని అడగాల్సిందే.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. కాబట్టి పాసివ్ నేర్పేటప్పుడు టీచర్లు వాక్యాలు మార్పించడం తగ్గించాలి. ఒకే వార్తను రెండు వాయిస్‌లలో రాయించి, ఏది ఎందుకు నప్పిందో పిల్లలతోనే చెప్పించాలి.