టీవీ పక్కన గిన్నె కంటే పెరట్లో గాబు మేలు

రామచంద్రపురం నుంచి ఇటు కోనసీమకు వెళ్లినా, అటు కాజులూరు మీదుగా సముద్రం వైపు వెళ్లినా చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతూ కనిపిస్తాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందనీ, మిగిలిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుందనీ గట్టున కాపలా పడుకునే మనిషికి కూడా తెలుసు. నీళ్ల సీసా పట్టుకుని ల్యాబ్‌కు పరిగెత్తే రైతులున్న ఈ సీమలోనే, టీవీ పక్కన 5 లీటర్ల గాజు గిన్నెలో రెండు గోల్డ్‌ఫిష్‌లను వేస్తున్నారు. పది రోజులు తిరక్కముందే ఒకటి పైకి తేలుతుంది. చేపలు మనింటికి అచ్చిరావని తీర్మానిస్తారు.

గిన్నెలో జరిగేదీ చెరువులో జరిగేదే. చేప మొప్పల నుంచి వచ్చే అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గిన్నెకు ఫిల్టరే ఉండదు. తొట్టి, ఫిల్టర్ ఉన్నవాళ్లేమో ఆదివారం పూట స్పాంజిని కుళాయి కింద పిండి, నీళ్లన్నీ పారబోసి, బ్లీచింగ్ వాసన కొట్టే కొత్త నీళ్లు నింపుతారు. పుట్టిన కాస్త బ్యాక్టీరియా క్లోరిన్‌కు పోతుంది, చేప మొప్పలు కమిలిపోతాయి. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చి, ఆ నీళ్లలో ముందే యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి, స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే జాడిస్తే సరిపోతుంది.

ఇక మేత. గోల్డ్‌ఫిష్‌ది మన బొచ్చె, శీలావతి ఉన్న కుటుంబమే. దానికి జీర్ణకోశం ఉండదు. గొంతులోని పళ్లతో నలిపింది నేరుగా పేగులోకి పోతుంది. ఎప్పుడు చూసినా అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తూనే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు జాలిపడి వెళ్తూ ఒక చిటికెడు, వస్తూ ఒక చిటికెడు వేస్తారు. ఫ్యాన్సీ రకాలకు ఇది మరీ చేటు. తల మీద కండ టోపీతో ఒరాండా, మూపు ఎత్తిన ర్యూకిన్, కళ్లు బయటికి పొడుచుకొచ్చిన బ్లాక్ మూర్... తరతరాలుగా ఏరి పెంచడంతో వీటి ఒళ్లు బంతిలా కుదించుకుపోయింది. లోపల పేగు, గాలితిత్తి ఇరుక్కుని ఉంటాయి. తిండి ఎక్కువైతే చేప వెల్లకిలా తిరగడం మామూలే. మునిగే రకం గుళికలను కాసేపు నానబెట్టి, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే, రోజుకు రెండు పూటలు వేయాలి. అప్పుడప్పుడు గుళికల బదులు ఉడికించి పొట్టు తీసిన బఠానీని వేళ్లతో చిదిమి వేయవచ్చు. పశువులకు అజొల్లా పెంచే ఇళ్లలో అది కొంచెం వేసినా ఇష్టంగా తింటుంది. బ్లాక్ మూర్‌కు చూపు తక్కువ. చురుకైన చేపలతో కలిపితే మేత దాని దాకా రాదు.

ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది ఉంటే ఇంటికి కలిసొస్తుందన్న చైనా ఫెంగ్‌షూయి మాట మన వాస్తులోనూ కలిసిపోయింది. మొదటి ఫ్యాన్సీ చేపకు 75 లీటర్లు, ఆపై ఒక్కోదానికి మరో 40 లీటర్లు కావాలన్నది పెంపకందార్లు ఎక్కువగా చెప్పే లెక్క. అంటే తొమ్మిదింటికి 400 లీటర్ల దాకా అవుతుంది. గాజు పెట్టెలో అంత నీరు పోయడం హాలుకూ జేబుకూ బరువే. పెరట్లో సిమెంటు గాబుకైతే కాదు. చైనాలో ఈ చేపను శతాబ్దాల పాటు చెరువుల్లో, తొట్లలో పెంచి పైనుంచే చూసి మురిసిపోయారు. కొత్త గాబైతే సున్నం ఊరి పీహెచ్ పెరుగుతుంది కనుక కొన్ని వారాల పాటు నీళ్లు నింపుతూ పారబోస్తూ ఉండాలి. పైన నీడ, లకుముకి పిట్టకూ పిల్లికీ అందకుండా ఒక వల ఉండాలి. దోమల భయం అక్కర్లేదు, లార్వాను చేపే తినేస్తుంది. మే నెలలో మాత్రం జాగ్రత్త. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీటిలో అది ఏడున్నరకు పడిపోతుంది. అప్పుడు మేత తగ్గించి, గాలి పంపును రాత్రంతా ఆడించాలి.

బతకనిస్తే ఇది ఏళ్ల తరబడి ఉండే చేప. ఇంగ్లండ్‌లో 1956లో ఒక సంతలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్లు బతికింది. ఇటలీలో మోంజా పట్టణం 2004లో, రోమ్ 2005లో గుండ్రటి గిన్నెల్లో చేపలను ఉంచడాన్ని నిషేధించాయి. మన దగ్గర చట్టం దాకా వెళ్లకుండానే దుకాణాలు ఒక పని చేయవచ్చు. ముందు తొట్టి, ఫిల్టర్ అమ్మి, నెల తర్వాత రమ్మని చేపను అప్పుడివ్వడం. బేరం పోతుందన్న భయం ఉంటుంది గానీ, చేప బతికిన ఇల్లే ఏళ్ల తరబడి మేత కొంటుంది.

తొట్టి శుభ్రం చేస్తుందంటూ సక్కర్ చేపను అంటగట్టడం కూడా ఆపాలి. అది గోల్డ్‌ఫిష్ ఒంటి మీది జిగురును గీకి తింటుంది. పెద్దదయ్యాక దాన్ని కాలువలో వదిలేస్తున్నారు. మత్స్యకారుల వలలు చింపుతున్న దెయ్యం చేప అలా తొట్ల నుంచి వచ్చిందే. గోల్డ్‌ఫిష్ కూడా అమాయకమైనదేం కాదు. అమెరికాలోని బర్న్స్‌విల్‌లో చెరువులో వదిలేసినవి ఎంతెంత పెరిగాయో 2021లో ఆ నగరపాలకులు ఫొటోలు పెట్టి మరీ చూపించారు. పెంచలేమనుకున్నవాళ్లు చేపను తెచ్చిస్తే అమ్మిన దుకాణమే వెనక్కి తీసుకోవాలి.