అడగందే అమ్మయినా పెట్టదు: చట్టంలో రాసి ఉన్న భృతిని రాబట్టుకుందాం



నిరుద్యోగ భృతి అనగానే మనకు ఎన్నికల సభలే గుర్తొస్తాయి. 2018 అక్టోబర్ 2న 'ముఖ్యమంత్రి యువనేస్తం' పేరుతో చదువుకున్న నిరుద్యోగులకు నెలకు వెయ్యి రూపాయలు మొదలుపెట్టారు. 2019 ఎన్నికల ముందు దాన్ని రెండు వేలు చేశారు. ప్రభుత్వం మారింది, భృతి ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో 'సూపర్ సిక్స్' అన్నారు. ఇరవై లక్షల ఉద్యోగాలు ఇస్తాం, లేదంటే నెలకు మూడు వేల భృతి ఇస్తాం అన్నారు. ఆ మూడు వేల కోసం మన పిల్లలు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోమని మనం అడగాలి, అడుగుతాం.

అయితే ఇంకో నిరుద్యోగ భృతి ఉంది. దాన్ని ఏ సభలోనూ ఎవరూ ప్రకటించరు. అది ఏ పార్టీ ఇచ్చిన హామీ కాదు, పార్లమెంటు చేసిన చట్టం. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని 7వ సెక్షన్. పని కావాలని దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లోగా పని చూపకపోతే ఆ కుటుంబానికి రోజువారీ భృతి ఇవ్వాలని అందులో రాసి ఉంది. మొదటి 30 రోజులకు కూలి రేటులో నాలుగో వంతుకు తగ్గకూడదు. ఆ తర్వాత ఆర్థిక సంవత్సరంలో మిగిలిన కాలానికి సగానికి తగ్గకూడదు. కుటుంబానికి వంద రోజుల హక్కు పూర్తయ్యేదాకా ఇది వర్తిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు రూ.307. అందులో నాలుగో వంతు రూ.76.75, సగం రూ.153.50. ఒక కుటుంబానికి అరవై రోజులు పని చూపలేదనుకోండి. మొదటి ముప్పై రోజులకు రూ.2,302, తర్వాతి ముప్పై రోజులకు రూ.4,605. మొత్తం దాదాపు రూ.6,900. పని ఇవ్వనందుకు సర్కారు ఆ ఇంటికి బాకీ పడే డబ్బు ఇది. దీన్ని ఎవరి దయగానూ చూడక్కర్లేదు.

ఈ చట్టం కింద పనులు 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయ్యాయి. దేశంలో వెనకబడిన 200 జిల్లాలను తొలి విడతకు ఎంచుకుంటే అందులో మన విజయనగరం ఉంది. మరుసటి ఏడాది శ్రీకాకుళం చేరింది. అంటే ఇరవై ఏళ్ళకు దగ్గరపడింది. ఇన్నేళ్ళలో ఈ రెండు జిల్లాల్లో ఈ భృతి చేతికి అందిందని చెప్పిన సభ్యుడు మాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

మరి అడిగిన వాళ్ళందరికీ అడిగినన్ని రోజులు పని దొరికిందా? దొరికితే పలాస, సోంపేట, చీపురుపల్లి స్టేషన్లలో సంచులు పట్టుకుని మనవాళ్ళు ఎందుకు నిలబడుతున్నారు? చెన్నైలో, హైదరాబాద్‌లో ఇటుక మోసేది ఎవరు?

కిటుకు ఎక్కడుందో చెప్తాం. 2005 చట్టం ప్రకారం ఉపాధి కూలి డబ్బు కేంద్రం ఇవ్వాలి. నిరుద్యోగ భృతి మాత్రం రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇవ్వాలి. పని చూపకపోతే రాష్ట్రానికి చేతి చమురు వదలాలి, ఆ భయంతోనైనా పని చూపిస్తారు అన్నది చట్టం ఉద్దేశం. జరిగింది వేరు. భృతి ఇవ్వకుండా తప్పించుకోవడానికి అన్నిటికన్నా సులువైన దారి, దరఖాస్తే రాలేదనిపించడం. దరఖాస్తు తీసుకుని తేదీ వేసిన రసీదు ఇవ్వాలని చట్టం చెప్తోంది. రసీదు లేకపోతే పదిహేను రోజుల లెక్క మొదలే కాదు. లెక్క మొదలు కాకపోతే భృతి ప్రశ్నే రాదు. కాగితాల్లో మాత్రం పని అడిగిన ప్రతి ఒక్కరికీ పని దొరికినట్టే ఉంటుంది.

మా సభ్యులు ఒక మండలంలో పాతిక మంది కలిసి దరఖాస్తు తీసుకెళ్ళారు. "పని వచ్చినప్పుడు మేమే కబురు పెడతాం, రసీదులెందుకు?" అన్నారు అక్కడ. మనవాళ్ళు తలూపి వచ్చేశారు. తప్పు వాళ్ళదే అనలేం. రసీదు పట్టుబట్టి తీసుకోవాలని మన సంఘమే వాళ్ళకు గట్టిగా చెప్పలేదు. ఆ తప్పు మనది కూడా.

కూలి ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని కూడా ఉంది. మస్టరు ముగిసిన పదహారో రోజు నుంచి, బకాయి ఉన్న కూలిపై రోజుకు 0.05 శాతం. పది రోజుల కూలి రూ.3,070 ఆగిపోతే రోజుకు రూపాయిన్నర. ఊళ్ళో వడ్డీకి తెచ్చుకుంటే మనం కట్టేది ఎంతో మీకు తెలుసు. ఇక 2023 జనవరి నుంచి అన్ని పనుల దగ్గరా రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫొటో తీసి హాజరు వేయాలన్నారు. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. కూలివాడు చెమటోడ్చినట్టు ఫొటోతో, వేలిముద్రతో రుజువు చేసుకోవాలి. సర్కారు మాత్రం దరఖాస్తు అందినట్టు ఒక చీటీ ముక్క ఇవ్వదు.

ఇతర దేశాల్లో ఎలా ఉందో ఒకసారి చూద్దాం. బ్రిటన్ 1911లోనే చట్టం చేసి కొన్ని పరిశ్రమల కార్మికులకు నిరుద్యోగ బీమా పెట్టింది. పని పోయినవాడికి వారానికి ఏడు షిల్లింగులు. కార్మికుడు కొంత, యజమాని కొంత, ప్రభుత్వం కొంత వేసేవారు. కానీ పొలం పనివాళ్ళను అందులో చేర్చలేదు. వాళ్ళకు అది 1936లో గాని రాలేదు, అంటే పాతికేళ్ళ తర్వాత. అమెరికా 1935లో సామాజిక భద్రతా చట్టం చేసినప్పుడు వ్యవసాయ కూలీలను, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళను పక్కనపెట్టింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పనుల్లో ఎక్కువగా ఉన్నది నల్లజాతివాళ్ళు. పెద్ద పెద్ద కమతాల్లో పనిచేసే కూలీలకు ఆ బీమా 1978లో అమల్లోకి వచ్చింది. జర్మనీలో నేడు పని పోయినవాడికి చేతికొచ్చే జీతంలో 60 శాతం, బిడ్డలుంటే 67 శాతం ఇస్తారు. డెన్మార్క్‌లో ఒక పరిమితికి లోబడి 90 శాతం దాకా, రెండేళ్ళ వరకు ఇస్తారు. అక్కడ ఆ నిధులు కార్మిక సంఘాలతో ముడిపడి పెరిగాయి. 1901లో బెల్జియంలోని ఘెంట్ నగరపాలిక, సంఘాలు తమ సభ్యులకిచ్చే నిరుద్యోగ సాయానికి తన డబ్బు కలిపింది. ఆ పద్ధతి అక్కడి నుంచి పాకింది.

ఈ చరిత్ర నుంచి మనం గ్రహించాల్సింది ఒకటుంది. ఏ దేశంలోనైనా ముందు ఫ్యాక్టరీ కార్మికుడికి వచ్చింది, పొలంలో వంగినవాడికి ఆఖరున వచ్చింది. పొలం పని చెల్లాచెదురుగా ఉంటుంది, కాలాన్ని బట్టి మారుతుంది, లెక్క కుదరదు అని అక్కడా సాకులు చెప్పారు. ఆ తర్వాత లెక్క కుదిరింది.

మన దేశంలోనూ అదే కథ. ఈఎస్ఐ చందా కట్టే కార్మికుడికి పని పోతే 2018లో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద సగటు వేతనంలో సగం, జీవితంలో ఒకసారి, తొంభై రోజుల దాకా వస్తుంది. పనిచేసేవాళ్ళలో దాదాపు తొంభై శాతం అసంఘటిత రంగంలోనే ఉన్న దేశమిది. వాళ్ళకు ఆ తొంభై రోజులూ లేవు. రాజ్యాంగం 41వ అధికరణం మాత్రం నిరుద్యోగంలో, ముసలితనంలో, జబ్బులో ప్రభుత్వ సాయం పొందే హక్కు కల్పించాలని ప్రభుత్వాలకు చెప్పింది. ఆర్థిక శక్తి మేరకు అని ఒక మాట కూడా పెట్టింది. ఇన్ని దశాబ్దాలుగా ప్రభుత్వాలు ఆ ఒక్క మాటనే పట్టుకుని వేలాడుతున్నాయి.

కుదరదనేవాళ్ళకు మన తీరంలోనే జవాబుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి సర్కారు భృతి ఇస్తుంది. ఒకప్పుడు నాలుగు వేలు, 2019లో పది వేలు. 2025 ఏప్రిల్ 26న మన ఎచ్చెర్ల పక్కన బుడగట్లపాలెంలోనే దాన్ని ఇరవై వేలు చేశారు. బ్రెజిల్‌లో కూడా చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపిన చిన్న జాలరికి నెలకు కనీస వేతనం చొప్పున ఇస్తారు. దాన్ని అక్కడ నిరుద్యోగ బీమా అనే పిలుస్తారు. పని లేని కాలాన్ని లెక్కగట్టి, మనిషిని గుర్తించి, ఖాతాలో డబ్బు వేయడం మన ప్రభుత్వానికి చేతనవునని బుడగట్లపాలెంలో రుజువైంది. గంగపుత్రులు అడిగారు, సాధించుకున్నారు. వాళ్ళకిచ్చారని మనకు కుళ్ళు లేదు. అదే న్యాయం చెరువెండిన ఊరి కూలికీ కావాలంటున్నాం.

అయినా ఆ మత్స్యకారుల బతుకూ ఏం తీరింది? ఇక్కడ సరైన రేవు లేక గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి, 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని ఇంటి ముఖం చూడని వాళ్ళు మన జిల్లాల వాళ్ళే.

ఇప్పుడు మనలో మనం ఒక మాట మాట్లాడుకోవాలి. భృతి సంగతి ఎత్తగానే మన రైతులే కొందరు అంటున్నారు: "ఇప్పటికే ఉభాలకు మనుషులు దొరకడం లేదు. ఊరికే డబ్బిస్తే ఇంకెవరు వస్తారు?" ఈ బాధ ఉత్తది కాదు. ఎరువు ధర పెరిగింది, కూలి పెరిగింది, ధాన్యం ధర ఆ మేరకు పెరగలేదు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి.

పని చూపితే ఈ భృతి ఉండదు. పని లేని రోజుకే అది. ఉభాలకు, కోతలకు మనిషి దొరకకపోవడానికి కారణం ఉపాధి పని అనుకుంటున్నాం. కోతలు అయ్యాక మిగిలిన నెలలు తిండి గడవక ఆ మనిషి రైలెక్కాడు. ఒకసారి అక్కడ పనిలో కుదిరాక మన రెండు వారాల ఉభాల కోసం వెనక్కి రాడు. ఖాళీ నెలల్లో ఊళ్ళో నాలుగు మెతుకులు దొరికితే ఊళ్ళోనే ఉంటాడు. తిత్లీ తుపాను 2018 అక్టోబర్‌లో ఉద్దానం కొబ్బరిని, జీడి తోటలను నేలకూల్చినప్పుడు రైతూ కూలీ ఒకేసారి పని పోగొట్టుకున్నారు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఎవరు ఎవరికి పని ఇవ్వగలరు? పైగా మనలో ఎకరా, రెండెకరాల వాళ్ళమే ఎక్కువ. మన పొలం పని అయ్యాక మన ఇంటి ఆడవాళ్ళే తట్టా పారా పట్టుకుని ఉపాధి పనికి వెళ్తున్నారు. జాబ్ కార్డు మన ఇంట్లోనూ ఉంది. గోగు పండించే రైతుకు జూట్ మిల్లు లాకౌట్ పడితే సరుకు కొనేవాడుండడు. అదే మిల్లులో పనిచేసే అతని కొడుక్కి జీతం ఉండదు. ఒకే ఇంట్లో రెండు దెబ్బలు.

పని లేనివాడికి ఆసరా లేకపోతే ఏమవుతుందో మన తాతలు రంగంలో చూశారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి రాగానే బర్మా వాళ్ళను పొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాటలో మనవాళ్ళు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇద్దరు పేదలు ఒక్క పని కోసం కొట్టుకుంటే బాగుపడేది మూడోవాడు. ఈ రోజు రైతునూ కూలినీ ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడేవాళ్ళు చేస్తున్నదీ అదే.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. పని దరఖాస్తుకు తేదీతో రసీదు అక్కడికక్కడే ఇవ్వాలి. పదిహేను రోజులు దాటిన దరఖాస్తుల జాబితా, బాకీ పడ్డ భృతి గ్రామ సచివాలయం గోడ మీద పెట్టాలి. ఎన్నికల్లో చెప్పిన మూడు వేల భృతికి తేదీ ప్రకటించాలి. లాకౌట్ పడిన మిల్లు కార్మికుల్లో అర్హత ఉన్నవాళ్ళతో ఈఎస్ఐ సాయానికి సర్కారే దరఖాస్తులు పెట్టించాలి. అన్నిటికీ మించి, ఒక్క పంటతో సరిపెట్టుకుంటున్న మన భూములకు నీళ్ళు కావాలి. జంఝావతి రబ్బరు డ్యామ్ 2006లో కట్టారు, అసలు ప్రాజెక్టు ఇంకా ఒడిశాతో తగవులోనే ఉంది. రెండో పంటకు నీరొస్తే భృతి అడిగే రోజులు వాటంతటవే తగ్గుతాయి. పండించిన పంటకు గిట్టుబాటు ధర వస్తే రైతు కూలి ఇవ్వడానికి వెనకాడడు.

సర్కారు చేసేదాకా చూస్తూ కూర్చోవద్దు. ఈ నెల నుంచే ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టాలి. పని కావాల్సిన వాళ్ళంతా కలిసి ఒకే దరఖాస్తు రాయండి. పేర్లు, జాబ్ కార్డు నంబర్లు, ఏ తేదీ నుంచి ఎన్ని రోజులు పని కావాలో రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి పంచాయతీలో ఇచ్చి, రెండో దాని మీద సంతకం, తేదీ వేయించుకోండి. అక్కడ తీసుకోకపోతే ఎంపీడీఓ దగ్గర ఇవ్వండి. ఈ చట్టం కింద ప్రోగ్రామ్ అధికారి ఆయనే. అక్కడా కాదంటే స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు చీటీయే రసీదు. పదహారో రోజున భృతి అడుగుతూ రెండో కాగితం పెట్టండి. నోటు పుస్తకంలో ఆ తేదీలన్నీ రాసి, సోషల్ ఆడిట్ గ్రామసభలో లేచి చదవండి. చదువు రానివాళ్ళ దరఖాస్తులు మన పిల్లలు రాసిపెట్టాలి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు అమ్మ కాదు. నోటితో అడిగితే వినదు, కాగితం మీద అడగాలి. వచ్చే నెల సంచికలో ఏ ఊళ్ళో ఎన్ని రసీదులు వచ్చాయో ఊరి పేరుతో సహా ఇక్కడే అచ్చు వేస్తాం. మీ ఊరి లెక్క పంపండి.