అంచే కదా అనుకోకండి!

మా అమ్మమ్మ గారింట్లో దేవుడి గది గుమ్మం పైన లక్ష్మీదేవి పటం ఉండేది. రవివర్మ బొమ్మ. తాతయ్య ఎప్పుడో కొనుక్కొచ్చింది. ఓసారి అద్దం పగిలితే, కొత్త ఫ్రేము కట్టించుకు రమ్మని అమ్మమ్మ నా చేతికిచ్చింది. షాపతను 'సాయంత్రం రండి' అన్నాడు. వెళ్లేసరికి పటం తళతళలాడుతోంది. సంబరంగా ఇంటికి తెచ్చాను. అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని, అద్దం కింది భాగం వేలితో తడిమి, "ఇక్కడ అక్షరాలుండాలే... ఏవిరా?" అంది.

షాపులో సిద్ధంగా ఉన్న ఫ్రేములో పట్టలేదని బొమ్మ కింద ఉన్న తెల్లటి అంచును అతను కత్తిరించేశాడు. పరుగున వెనక్కి వెళ్లాను. చెత్తబుట్ట అప్పటికే ఖాళీ అయింది. అతన్ని ఏమనాలి? కత్తిరించొద్దని నేను చెప్పలేదు, కత్తిరించమంటారా అని అతను అడగలేదు.

ఆ ముక్క విలువేంటో తర్వాత తెలిసింది. రవివర్మ తన బొమ్మలు సామాన్యుల ఇళ్లకూ చేరాలని 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టారు. కొన్నేళ్లకు అది లోనావాలా దగ్గరికి మారింది. ఆయన బొమ్మల్ని అనుకరించి అచ్చువేసిన ప్రెస్సులూ చాలానే ఉన్నాయి. మన గోడ మీదున్నది ఎక్కడ అచ్చయిందో తేలిగ్గా చెప్పేది ఆ కింది అంచు మీది చిన్న అక్షరాలే. అందుకే పాత బొమ్మ అయినా, నిన్న కొన్న ప్రింటయినా అంచు కత్తిరించవద్దు. కొలతకు తగ్గట్టు ఫ్రేమే చేయించుకోండి.

ఈ రోజుల్లో చిత్రకారులు లెక్కపెట్టి వేయించే ప్రింట్లకూ ఇదే మాట. బొమ్మ కింద ఎడమవైపు పెన్సిల్‌తో 12/50 అని ఉందంటే, 50 ప్రతుల్లో అది 12వది అని అర్థం. కుడివైపు సంతకం ఉంటుంది. చుట్టూ వేసే అట్ట అంచు వాటిని కప్పేయకుండా కాస్త ఎడంగా కోయించాలి. బాపు బొమ్మయితే ఆయన సంతకం కూడా బొమ్మలో భాగమే. అదీ మూతపడకూడదు.

ఈ అట్ట అంచునే షాపుల్లో 'మౌంటు' అంటారు. అది అందానికే అనుకుంటాం గానీ, అసలు పని వేరే ఉంది. అద్దం బొమ్మకు అంటుకోకుండా ఎడం చేస్తుంది. మధ్యలో గాలి లేకపోతే వానాకాలంలో చేరిన చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే రంగు ఊడొస్తుంది.

ఎంత వెడల్పు?
సన్నటి అంచు బొమ్మను ఇరుకున పెడుతుంది. మధ్యరకం ప్రింటుకు రెండున్నర నుంచి మూడు అంగుళాలు బాగుంటుంది. కింద మాత్రం అర అంగుళం ఎక్కువ వదలండి. నాలుగువైపులా సమానంగా ఉంటే బొమ్మ కిందికి జారినట్టు కనిపిస్తుంది. 12x16 అంగుళాల ప్రింటుకు పక్కలా పైనా మూడు, కింద మూడున్నర వదిలితే పటం 18x22.5 అంగుళాలవుతుంది. గోడ మీద అంత చోటుందో లేదో ముందే కొలుచుకోండి. బొమ్మ చిన్నదైతే అంచూ చిన్నదిగా ఉండాలని లేదు. అరచేయంత బొమ్మకు మూడంగుళాల అంచు వేసి చూడండి, దాని హుందాయే వేరు!

ఏ రంగు?
చీరకైతే అంచు కొట్టొచ్చినట్టుండాలి. బొమ్మకు అలా కాదు. తామరపూల రంగుకు మ్యాచింగని గులాబీ అంచు వేస్తే, చూపు అమ్మవారిని వదిలి అంచు మీదికి పోతుంది. బొమ్మ అచ్చయిన కాగితం రంగుకు దగ్గరగా ఉన్నదే ఎంచుకోండి. వయసుతో మీగడ రంగుకు తిరిగిన కాగితం పక్కన తళుకు తెలుపు పెడితే బొమ్మ మాసినట్టుంటుంది. రంగు కావాల్సిందే అనుకుంటే రెండు మౌంట్లు వేయించి, లోపలిది పావు అంగుళం మాత్రమే కనిపించేలా రంగుది పెట్టించండి. అట్ట ముక్కలు ఇంటికి తెచ్చుకుని పగటి వెలుగులోనూ, రాత్రి దీపం కిందా చూశాకే ఖాయం చేయండి.

ఇవి అడగండి
- మౌంటు అట్ట ఆమ్లం లేనిదేనా? మామూలు అట్ట కొన్నేళ్లకు పసుపెక్కి, తగిలినచోట బొమ్మకూ గోధుమరంగు మరక పెడుతుంది. వెనక వేసే అట్టా ఆమ్లం లేనిదే ఉండాలి.
- బొమ్మను దేనితో నిలబెడుతున్నారు? వెనకంతా జిగురు పూయనివ్వొద్దు. సెల్లోటేపు అసలే వద్దు. పైఅంచున రెండు పల్చటి కాగితం పట్టీలతో వేలాడదీస్తే చాలు.
- ఎండ తగిలే గోడకు, తడి పట్టే గోడకు వేలాడదీయకండి.

మా లక్ష్మీదేవికి మళ్లీ ఫ్రేము కట్టించాను, ఈసారి మీగడ రంగు అంచుతో. పోయిన అక్షరాలు మాత్రం రావు. అవి ఇంగ్లిషు అక్షరాలు. అమ్మమ్మకు ఇంగ్లిషు రాదు, అయినా అవి అక్కడ ఉన్నాయని ఆవిడకు తెలుసు. నాకు చదవడం వచ్చు. చిన్నప్పట్నుంచీ ఆ పటానికి దణ్ణం పెట్టుకున్నాను గానీ, ఒక్కసారీ వాటిని చదవలేదు.

మీ ఇంట్లోనూ పాత పటం ఉంటే ఈ ఆదివారం కిందికి దించి, తుడిచి, అంచు మీద ఏముందో చదివి రాసి పెట్టుకోండి. ఫ్రేము సంగతి ఆ తర్వాత!