ఆ కాగితంలో వేగం రాయలేదు

2024 జూన్ 17 ఉదయం పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని స్టేషన్లో ఒక గూడ్స్ బండి లోకో పైలట్‌కు స్టేషన్ మాస్టర్ ఒక కాగితం అందించారు. రైల్వేలో దాని పేరు టి/ఎ 912. ముందున్న ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడిపోయాయి, అవి ఎర్రగా వెలుగుతున్నా దాటిపోవచ్చు అని దాని సారాంశం. ఎంత వేగంతో దాటాలో అందులో ఎక్కడా లేదు. 8.42కు బండి కదిలింది. పావుగంట ముందు, 8.27కు, అదే పట్టాల మీద కాంచనజంగా ఎక్స్‌ప్రెస్ అటే వెళ్లింది. 8.55కు గూడ్స్ దాన్ని వెనక నుంచి ఢీకొట్టింది. ఎమర్జెన్సీ బ్రేకు వేసేసరికి గూడ్స్ వేగం గంటకు 78 కిలోమీటర్లు. ఢీకొన్నప్పుడు 40. పదిమంది ప్రాణాలు పోయాయి. గూడ్స్ లోకో పైలట్, కాంచనజంగా గార్డు కూడా ఆ పదిమందిలో ఉన్నారు.

శవాలను ఇంకా బోగీల్లోంచి తీస్తుండగానే, గూడ్స్ డ్రైవరు సిగ్నల్‌ను ఖాతరు చేయలేదని రైల్వే బోర్డు పెద్దలు ప్రకటించేశారు. ఆ డ్రైవరు అప్పటికే చనిపోయాడు. అతని చేతికి ఇచ్చిన కాగితం గురించి ఆ ప్రకటనలో మాట లేదు. చనిపోయిన లోకో పైలట్ మీదా, ఆస్పత్రిలో ఉన్న అసిస్టెంట్ లోకో పైలట్ మీదా పోలీసు కేసు నమోదైంది. ఆ కేసుకు ఫిర్యాదుదారుగా చూపిన ప్రయాణికురాలు తాను అలాంటి ఫిర్యాదు ఇవ్వనేలేదన్నారు.

తర్వాత రైల్వే సేఫ్టీ కమిషనర్ దర్యాప్తు జరిగింది. నెల తిరిగేసరికి వచ్చిన నివేదిక వేరే సంగతి చెప్పింది. ఇచ్చిన అనుమతి పత్రమే సరైనది కాదు. ఇచ్చినదాంట్లోనైనా వేగ పరిమితి లేదు. సిగ్నళ్లు చెడిన తర్వాత ఆ ఉదయం ఆ సెక్షన్‌లోకి వెళ్లిన ఏడు బండ్లలో, చెడిన ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక నిమిషం ఆగి, గంటకు 15 కిలోమీటర్లు మించకుండా నడిచింది ఒక్కటే. అది కాంచనజంగా. నియమం పాటించిన బండినే వెనక నుంచి వచ్చి గుద్దారు. ఒకే కాగితాన్ని ఏడుగురు డ్రైవర్లు చదివి, ఆరుగురు ఒక రకంగా, ఒకరు మరో రకంగా అర్థం చేసుకుంటే తప్పు చదివినవారిదా, రాసినవారిదా? ఆటోమేటిక్ సిగ్నళ్లున్న చోట బండి ఎలా నడపాలో లోకో పైలట్లకూ స్టేషన్ మాస్టర్లకూ తగినంతగా నేర్పలేదని కమిషనర్ తేల్చారు. ఇది ఎప్పుడో ఒకప్పుడు జరగక తప్పని ప్రమాదమేనని కూడా రాశారు.

ఈ 15 కిలోమీటర్ల నియమం ఎందుకు పుట్టిందో పాఠకులకు తెలియాలి. పాత పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య ఒక లైన్లో ఒక్క బండే ఉంటుంది. అది అవతలి స్టేషన్ చేరినట్టు తెలిస్తే తప్ప వెనక బండిని వదలరు. ఎక్కువ బండ్లు నడపడానికి ఆటోమేటిక్ సిగ్నళ్లు తెచ్చారు. లైన్‌ను సుమారు కిలోమీటరు చొప్పున ముక్కలు చేస్తారు. ముందు ముక్కలో బండి ఉంటే వెనక సిగ్నల్ తనంతట తానే ఎరుపవుతుంది. ఒకదాని వెనక ఒకటి, రెండు స్టేషన్ల మధ్య మూడు నాలుగు బండ్లు కూడా ఉండొచ్చు. పద్ధతి మంచిదే. కానీ సిగ్నల్ చెడిపోయినప్పుడు కూడా ఎర్రగానే ఉంటుంది. ఆ ఎరుపు ముందు బండి ఉన్నందుకా, యంత్రం పాడైనందుకా అన్నది డ్రైవరు తన సీట్లో కూర్చుని తెలుసుకోలేడు. అందుకే ఆగమన్నారు, ఆగాక పాకినట్టు వెళ్లమన్నారు. కంటికి ఏదైనా కనిపిస్తే దానికి ఇవతలే ఆపగలిగే వేగం అది. సిగ్నల్ పోయాక బండికీ బండికీ మధ్య మిగిలేది ఆ ఒక్క అంకె. 15 కాస్తా 78 అయితే వేగం అయిదింతలే పెరిగినట్టు కనిపిస్తుంది. గుద్దుకునే శక్తి ఇరవై అయిదింతలు దాటుతుంది. అంతటి అంకెను రాయకుండా కాగితం ఇవ్వడం చిన్న పొరపాటు కాదు.

అసలు ఆ కాగితమే ఇవ్వకూడదు. సిగ్నళ్లు ఎక్కువసేపు చెడిపోతే ఆటోమేటిక్ పద్ధతిని పక్కన పెట్టి, పాత పద్ధతిలో ఒక్కో బండినే వదలాలి. దానికి టి/డి 912 అని వేరే పత్రం ఉంది. రంగాపాని దగ్గర సిగ్నళ్లు ఉదయం 5.50కే చెడ్డాయి. ప్రమాదం 8.55కు. మధ్యలో మూడు గంటలకు పైగా సమయం ఉంది. ఆ మూడు గంటల్లో స్టేషన్లలో మనుషులున్నారు, కంట్రోల్ ఆఫీసులో మనుషులున్నారు, డివిజన్ స్థాయిలో ఆపరేటింగ్ అధికారులున్నారు. ఒక్కరైనా ఫోను తీసి పాత పద్ధతిలోకి మారమని చెప్పి ఉంటే గూడ్స్ రంగాపానిలోనే నిలిచేది. అలా మారితే బండ్లు ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యానికి జవాబు చెప్పాల్సింది పై అధికారులు. ఇటు అసంపూర్తి కాగితం ఇస్తే, ఏదైనా జరిగినప్పుడు జవాబు చెప్పాల్సింది ఇంజనులో ఉన్నవాడు. ఈ పత్రిక చేసే ప్రధాన ఆరోపణ ఇదే. రైల్వేలో వేగ నియమాలు ప్రమాదాన్ని ఆపే పని మానేసి, ప్రమాదం జరిగాక కింది ఉద్యోగిని పట్టించే పనికి వచ్చాయి.

ఇది మన ఇంటి ముంగిట కూడా జరిగింది. 2023 అక్టోబర్ 29 రాత్రి ఏడు గంటల వేళ, విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. రాయగడ బండి ఇంజనులోని ఇద్దరూ వారిలో ఉన్నారు. అక్కడా చెడిన ఆటోమేటిక్ సిగ్నళ్లే. రాత్రిపూట రెండు నిమిషాలు ఆగి 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లాల్సింది, అలా చేయలేదని మర్నాటికే ప్రాథమిక విచారణ తేల్చింది. సిగ్నళ్లు దాటిన మాట నిజమే. దాన్ని కప్పిపుచ్చాలని మేం అనడం లేదు. కానీ 2024 మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంకో మాట అన్నారు. ఆ ఇద్దరూ ఫోన్లో క్రికెట్ మ్యాచ్ చూస్తూ పరధ్యానంలో పడ్డారని. ఆ మాట దేశమంతా పాకింది. వారి ఫోన్లలో ఆ సమయంలో డేటా వాడకమే లేదని దర్యాప్తు నివేదికలో ఉన్నట్టు తర్వాత పత్రికలు రాశాయి. మొదటి మాట చేరినంత దూరం రెండో మాట చేరలేదు. క్రికెట్ కథ నిలిస్తే ఆ సిగ్నళ్లు ఎందుకు చెడ్డాయి, ఎంతసేపు చెడి ఉన్నాయి, రెండో బండిని ఎవరు ఎందుకు వదిలారు అన్న ప్రశ్నలు అడిగేవాళ్లుండరు.

నియమాలు కట్టుదిట్టంగానే ఉన్నాయని అధికారులంటారు. నిజమే, పుస్తకంలో ఉన్నాయి. ఏ వంపు దగ్గర ఎంత వేగం, ఏ వంతెన మీద ఏ ఇంజను వెళ్లకూడదు, పట్టాల పక్కన గోడకూ బోగీకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి అన్నీ రాసి ఉన్నాయి. శాశ్వత పరిమితులు వర్కింగ్ టైమ్‌టేబుల్‌లో ఉంటాయి. మరమ్మతుల కోసం పెట్టే తాత్కాలిక పరిమితులు కాషన్ ఆర్డర్‌గా డ్రైవరు చేతికొస్తాయి. అవి ఎంత గట్టిగా అమలవుతున్నాయో 2024 జూన్‌లోనే తేలింది. ఆగ్రా, గ్వాలియర్ల మధ్య జాజౌ, మనియా స్టేషన్ల దగ్గర 20 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట గతిమాన్ ఎక్స్‌ప్రెస్ 120 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. కొద్ది రోజులకే అదే చోట మాల్వా ఎక్స్‌ప్రెస్ కూడా పరిమితి మీరింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. కాషన్ ఆర్డర్లను డ్రైవర్లు ఎందుకు మీరుతున్నారో కనిపెట్టడానికి రైల్వే బోర్డు కమిటీ వేసింది. ఒకే చోట రెండు బండ్లు మీరాయంటే లోపం వ్యవస్థలో ఉందని తెలిసే కమిటీ వేశారు. మరి ప్రాణాలు పోయినప్పుడు ఆ తెలివిడి ఏమైపోతోంది?

జపాన్ ఈ పాఠం చాలా ఖరీదుకు నేర్చుకుంది. 2005 ఏప్రిల్ 25న అమగసాకి దగ్గర, 70 కిలోమీటర్ల పరిమితి ఉన్న వంపులోకి ఒక లోకల్ రైలు 116 కిలోమీటర్ల వేగంతో వెళ్లి పట్టాలు తప్పి అపార్ట్‌మెంట్ భవనాన్ని గుద్దింది. డ్రైవరుతో కలిపి 107 మంది చనిపోయారు. ఆ డ్రైవరు వయసు 23. ముందు స్టేషన్లో ప్లాట్‌ఫాం దాటిపోవడంతో ఒకటిన్నర నిమిషం దాకా ఆలస్యమైంది. ఆలస్యం చేసిన డ్రైవర్లను తిరిగి శిక్షణ పేరుతో రోజుల తరబడి అవమానించే ఆనవాయితీ ఆ రైలును నడిపిన సంస్థలో ఉండేది. ఆ భయం కూడా అతని చేత వేగం పెంచించిందని దర్యాప్తు భావించింది. ఆ వంపు దగ్గర అతివేగాన్ని దానంతటదే అడ్డుకునే పరికరం అప్పటికి పెట్టలేదు. శిక్షకు భయపడే డ్రైవరు జాగ్రత్తగా నడుపుతాడని అనుకోవడం ఎంత తప్పో ఆ 107 మంది మరణం చెప్పింది. మన డ్రైవర్లకూ సమయం కోల్పోతే సంజాయిషీ తప్పదు, ఎరుపు దాటితే ఉద్యోగానికే ముప్పు. రెండు భయాల మధ్య వాళ్లను కూర్చోబెట్టి బండి అప్పగిస్తున్నాం.

పైగా వాళ్ల సంఖ్యే చాలదు. 2024లో సమాచార హక్కు కింద రైల్వే ఇచ్చిన జవాబు ప్రకారం లోకో పైలట్ల పోస్టులు 70,093 ఉంటే, వాటిలో 14,429 ఖాళీ. భద్రతకు సంబంధించిన పోస్టులన్నీ కలిపితే సుమారు పది లక్షల్లో ఒకటిన్నర లక్షకు పైగా ఖాళీ. ఆ ఏడాది జనవరిలో అసిస్టెంట్ లోకో పైలట్ల కోసం ప్రకటించినవి 5,696 పోస్టులు. రంగాపాని ప్రమాదం జరిగిన మర్నాడు ఆ సంఖ్య 18,799 అయింది. రాత్రికి రాత్రి పదమూడు వేల అవసరం పుట్టదు. అది ముందు నుంచీ ఉంది, పదిమంది చనిపోయాకే ఫైలు కదిలింది. ఈలోగా ఉన్నవాళ్లే వరుస రాత్రులు పనిచేశారు. దక్షిణ రైల్వేలో ఆ వేసవిలో లోకో పైలట్లు పోరాడింది జీతం పెంచమని కాదు, వారపు విశ్రాంతిని రోజువారీ విశ్రాంతితో కలిపేయకుండా విడిగా ఇవ్వమని. భోజనానికీ కాలకృత్యాలకూ నిర్ణీత విరామం ఇవ్వడం సాధ్యం కాదని 2025లో రైల్వే బోర్డు తేల్చేసింది. నిద్ర చాలని మనిషి నుంచి, ఆగడానికి వీల్లేని మనిషి నుంచి, రంగాపాని సెక్షన్‌లో లాగా తొమ్మిది చెడిన సిగ్నళ్ల దగ్గర తొమ్మిదిసార్లు నిమిషం చొప్పున ఆగే నిగ్రహం కోరుతున్నాం. కోరవలసిందే. కానీ ఆ నిగ్రహం నిలబడే పరిస్థితులు కల్పించాల్సిన బాధ్యత ఎవరిది?

మనిషి మరిచినా యంత్రం ఆపేలా కవచ్ ఉంది. దాని మీద తెలుగువారికి ప్రత్యేకమైన హక్కు ఉంది, ఎందుకంటే అది మన గడ్డ మీదే రాటుదేలింది. తొలి పరీక్షలు లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలో జరిగాయి. పరికరాలు చేసిన కంపెనీల్లో హైదరాబాదువీ ఉన్నాయి. 2020లో దాన్ని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య మంత్రి స్వయంగా ఇంజనులో కూర్చుని, ఎదురుగా మరో ఇంజను ఉండగా బండి దానంతటదే ఆగడం చూపించారు. ఆ తర్వాత ఏడాదిన్నరకు కంటకాపల్లి, మరి ఎనిమిది నెలలకు రంగాపాని. రెండు చోట్లా కవచ్ లేదు. 2024 మధ్యనాటికి అది అమలైంది దక్షిణ మధ్య రైల్వేలోని 1,465 కిలోమీటర్లలోనే. దేశంలోని రైలు మార్గం 68,000 కిలోమీటర్లకు పైనే. వందే భారత్‌లను జెండా ఊపి పంపిన వేగంలో సగమైనా ఈ పని మీద చూపించి ఉంటే ఆ అంకె ఇలా ఉండేది కాదు.

అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లోనే రైల్వే భద్రతకు చట్టబద్ధమైన స్వతంత్ర సంస్థ కావాలని చెప్పింది. నడిపేవాళ్లే తమ తప్పులకు తామే న్యాయమూర్తులు కాకూడదన్నది అందులో కీలకం. ఇప్పటికీ ఆ సంస్థ లేదు. సేఫ్టీ కమిషనర్లు పేరుకు పౌర విమానయాన శాఖ కింద ఉన్నారు. వాళ్ల సిఫార్సులను ఒప్పుకోవడం, పక్కన పడేయడం రైల్వే బోర్డు చేతుల్లోనే ఉంది. రంగాపాని నివేదిక అనేక స్థాయుల్లో లోపాలున్నాయని చెప్పాక, ఆ స్థాయుల్లో ఎవరికి ఏ శిక్ష పడిందో ప్రజలకు చెప్పాలి.

చేయాల్సినవి కష్టమైనవేమీ కాదు. వేగం రాయని అనుమతి పత్రం ఏ స్టేషన్ నుంచీ ఏ డ్రైవరు చేతికీ వెళ్లకూడదు. సిగ్నళ్లు ఇంత సమయానికి మించి చెడితే పాత పద్ధతిలోకి మారి తీరాలని గడువు పెట్టి, మార్చని అధికారి పేరు రికార్డులో రాయాలి. కంటకాపల్లి ఉన్న రైల్వే డివిజన్‌లో కవచ్ ఏ నెలకు పూర్తవుతుందో బహిరంగంగా ప్రకటించాలి. సేఫ్టీ కమిషనర్ నివేదికలను అడగకుండానే పూర్తిగా బయటపెట్టాలి. కంటకాపల్లిలో చనిపోయిన ఆ ఇద్దరు రైల్వే ఉద్యోగుల మీద వేసిన క్రికెట్ నిందకు ఆధారం ఉంటే రైల్వే మంత్రి పార్లమెంటు ముందు పెట్టాలి, లేకుంటే అదే సభలో దాన్ని వెనక్కి తీసుకోవాలి.