పగిలిన హెల్మెట్‌కు మాసిక వద్దు



మన పల్లెల్లో ఎవరో ఒకరు బండి మీద నుంచి పడని ఇల్లు తక్కువ. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. చీకటి పడ్డాక గేదెలు అడ్డం వస్తాయి. ముందు వెళ్లే ట్రాక్టరుకు వెనక లైటు ఉండదు. పడి లేచి క్షేమంగా ఇల్లు చేరారంటే మేము వెళ్లి ప్రార్థన చేసి వస్తాం. బండి సంగతి మెకానిక్ చూసుకుంటాడు. ఒంటి మీద ఉన్నవాటి సంగతే ఎవరికీ తేలదు. ఈ హెల్మెట్, ఈ జాకెట్, ఈ బూట్లు బాగు చేయించాలా, కొత్తవి కొనాలా?

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చర్మాన్ని కాపాడేవాటిలో చాలావరకు బాగు చేయించుకోవచ్చు. తలను కాపాడేదాన్ని మాత్రం మార్చాల్సిందే.

ఎందుకో వినండి. హెల్మెట్‌కు పైన గట్టి పెంకు, దాని లోపల థర్మాకోల్‌తో చేసిన మందపాటి పొర ఉంటాయి. పెంకును చూసి మనం హెల్మెట్ గట్టిదా కాదా అంటాం గానీ, దెబ్బను మింగేది ఎక్కువగా ఆ లోపలి పొరే. తల నేలకు కొట్టుకున్న క్షణంలో అది నలుగుతుంది. నలుగుతూ తలను కాస్త నెమ్మదిగా ఆపుతుంది. ఆ కాస్త తేడాలోనే మెదడు బతుకుతుంది. ఇలా లోపల నలిగే పొర ఉన్న హెల్మెట్‌కు 1953లో అమెరికాలో చార్లెస్ లొంబార్డ్ అనే ఆచార్యుడు పేటెంట్ పొందారు. నేటి హెల్మెట్లన్నీ ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

కొత్త టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ ముక్కను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. గుంట పడుతుంది, అది మళ్లీ పైకి లేవదు. హెల్మెట్ లోపలి పొర కూడా అంతే. నలిగిన చోట రెండోసారి నలగడానికి ఏమీ మిగలదు. పైపెంకు మాత్రం చాలాసార్లు తన రూపానికి తిరిగి వచ్చేస్తుంది. అందుకే "చిన్న గీత తప్ప ఏమీ కాలేదండీ అయ్యగారూ" అని చూపిస్తారు. లోపల గుడ్డ కింద ఉన్న నలుగుడు కంటికి కనబడదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మార్చమని తయారుచేసే కంపెనీలే చెబుతాయి.

మరి చీలికకు గమ్ము పెట్టి, పైన రంగు కొట్టిస్తే? అది ఇంకా ప్రమాదం. థర్మాకోల్ మీద పెట్రోలు చుక్క వేస్తే ఎలా కరిగిపోతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. కొన్ని గమ్ములు, రంగులు, థిన్నర్లు కూడా లోపలి పొరను అలాగే తినేస్తాయి. చూడటానికి కొత్తది, పని చేయడానికి ఖాళీది అవుతుంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఖాళీ హెల్మెట్ చేతిలోంచి జారి పడితే అంత భయపడనక్కర్లేదు. లోపల తల బరువు లేదు కాబట్టి పొర సాధారణంగా అంతగా నలగదు. పెంకు చీలిందేమో, పట్టీ సరిగ్గా బిగుస్తోందో లేదో చూసుకుంటే చాలు. తలతో పాటు నేలను తాకినదాన్ని మాత్రం మళ్లీ నమ్మవద్దు.

మిగతావాటికి డబ్బు వృథా చేయమని మేము చెప్పం. పట్నంలో డెలివరీ పని చేసే మన తమ్ముళ్లు జాకెట్లు, గ్లౌజులు వాడుతున్నారు. జాకెట్ కుట్టు ఊడితే గట్టి నైలాన్ దారంతో రెండు వరుసలు కుట్టించండి. మోచేతి దగ్గరి ప్యాడ్ పగిలితే ప్యాడ్ ఒక్కటే మార్చండి. గుడ్డ రాపిడికి అరిగి పలచబడినా, గ్లౌజు అరచేయి చిల్లు పడినా ఇక దాన్ని వదిలేయండి. బూటు అడుగు ఊడితే చెప్పులు కుట్టే అన్న ఉన్నాడు. హెల్మెట్ అద్దం గీతలు పడి, రాత్రి ఎదుటి లైటు చెదిరినట్టు కనిపిస్తుంటే అద్దం ఒక్కటే మార్చితే చాలు.

పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే ఏమవుతుందో ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలుసు. అది మన ఆత్మీయ జీవితం గురించిన పాఠమే. అయినా, మాసిక నిలిచే చోటు ఒకటి, నిలవని చోటు ఒకటి ఉంటాయన్న ఇంగితం మన ఇళ్లలోనూ పనికొస్తుంది.

ఇప్పుడు మాకు ఎక్కువ బాధ కలిగించే విషయం. దెబ్బ తిన్న హెల్మెట్‌ను మనం పారేయం. ఇంటాయన కొత్తది కొనుక్కుని, పాతది వెనక కూర్చునే ఇల్లాలికి ఇస్తాడు. లేదా కాలేజీకి వెళ్లే తమ్ముడికి ఇస్తాడు. పోలీసులు ఆపినప్పుడు నెత్తి మీద ఏదో ఒకటి కనబడితే చాలని అనుకుంటాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే జరిమానా 1000 రూపాయలు. వెనక కూర్చునేవారికీ, 4 ఏళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలన్నదీ అదే చట్టం. జరిమానా తప్పించడానికి నలిగిన హెల్మెట్ సరిపోవచ్చు. భార్య తలకు అది సరిపోదు. మనం నమ్మని వస్తువును మనం ప్రేమించేవారి నెత్తిన పెట్టడం ఏ ప్రేమ?

కొందరు విశ్వాసులు ఇంకో మాట అంటారు. "మొన్న కాపాడిన దేవుడు రేపు కాపాడడా?" తప్పకుండా కాపాడగలడు. కానీ దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని శోధకుడు అడిగినప్పుడు ప్రభువు దూకలేదు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టేవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివాడిదేనట. మేడ మీద పిట్టగోడ ఎలాంటిదో, బండి మీద హెల్మెట్ అలాంటిది. కూలిన పిట్టగోడను కూలినట్టే ఉంచి, పిల్లల్ని మేడ మీద ఆడుకోమంటామా?

డబ్బు మాట మాకు తెలియనిది కాదు. దినకూలి మీద బతికే ఇంటికి ఎనిమిది వందలు, వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు. అయితే ప్రమాదం తప్పినందుకు కృతజ్ఞత కూడిక పెట్టి, యాభై మందికి భోజనం పెట్టి, మర్నాడు అదే పగిలిన హెల్మెట్‌తో పనికి వెళ్లినవారు మన మధ్యే ఉన్నారు. ప్రియులారా, కూడిక పెట్టవద్దని మేము అనం. హెల్మెట్ కొన్న తర్వాత పెట్టండి. చేతిలో ఉన్నది ఒక్కదానికే సరిపోతే హెల్మెట్ కొనండి. టీ, బిస్కెట్లతో స్తుతి చేసినా దేవుడు ఆలకిస్తాడు. ఆ నెల మీ కృతజ్ఞత కానుక సంఘానికి రాకపోయినా మేము తప్పు పట్టం. కొనే స్తోమత లేని ఇంటికి సంఘమే కొనిపెట్టాలి. ఆసుపత్రి బిల్లుకు చందా పోగు చేయడం కంటే అది తేలిక.

కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె చూసి కొనండి. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం నేరం. రోడ్డు పక్క దొరికే టోపీలాంటివాటిని బేరమాడి తేవద్దు. తలకు బిగుతుగా ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి.

పాతదాన్ని ఏం చేయాలి? సాక్ష్యంగా ఉంచుకోవాలని ఉంటే ఇంట్లో మేకుకు తగిలించండి. వచ్చినవారికి దేవుడు చేసిన మేలు చెప్పండి. అయితే ముందు కత్తి తీసుకుని దాని పట్టీ కోసేయండి. అప్పుడు తొందరలో ఏ బిడ్డా దాన్ని తలకు పెట్టుకుని బయటికి పోడు.

మీ రాకపోకలన్నిటిలో ప్రభువు మీకు తోడై ఉండును గాక. ఆమేన్.