రవాణా సాధనాల్లో పదికి పది

మా చిన్నాడు ఒకటో తరగతిలో ఉన్నప్పటి సంగతి. పరిసరాల విజ్ఞానం పరీక్షలో పదికి పది మార్కులు తెచ్చుకున్నాడు. రవాణా సాధనాలు, సమాచార సాధనాల పేర్లు రాయమని ప్రశ్న. భూమి మీద నడిచేవి, నీటి మీద వెళ్ళేవి, గాలిలో ఎగిరేవి అని మూడు వరుసలు గీసి బస్సు, రైలు, పడవ, ఓడ, విమానం, హెలికాప్టర్ అని గుండ్రంగా రాశాడు. కింద ఉత్తరం, టెలిగ్రామ్, టెలిఫోన్, రేడియో, టీవీ. ఆ పేపరు మా అత్తయ్యగారికి చూపించాను, ఫోటో తీసి మా అమ్మకి పంపించాను, అది చాలక ఫ్రిజ్ మీద అంటించాను కూడా.

సరిగ్గా ఆ తర్వాతి ఆదివారమే వాడు బస్టాండులో తప్పిపోయాడు.

బంధువుల పెళ్ళికి వెళ్తున్నాం. మధ్యలో ఒక ఊళ్ళో బస్సు మారాలి. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో పట్టుచీరల సంచి. ఆయన బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడానికి వెళ్ళారు. మా అమ్మాయి మంచినీళ్ళ సీసా కొంటోంది. "నా కొంగు పట్టుకో నాన్నా" అని వాడికి చెప్పాను. రెండు నిమిషాల తర్వాత చూసుకుంటే కొంగు నా దగ్గరే ఉంది, వాడు లేడు.

పావుగంట. గడియారంలో అంతే అయ్యుంటుంది. నాకు మాత్రం ఇప్పటికీ ఆ పావుగంట పూర్తవలేదు. చివరికి మైకులో "ఎర్ర చొక్కా వేసుకున్న ఆరేళ్ళ బాబు" అని వినిపించింది. సామాను అక్కడే వదిలేసి పరుగెత్తాను. వెనక్కి వస్తున్న బస్సును చూద్దామని వెళ్ళి, దారి తెలియక ఏడుస్తుంటే ఒక కండక్టర్ గారు ఎత్తుకొచ్చి ఎంక్వైరీ దగ్గర కూర్చోబెట్టారట. అక్కడున్నాయన నన్ను కోప్పడలేదు. వాడితో జరిగిన సంభాషణ మాత్రం చెప్పాడు.

"నీ పేరేంటి బాబూ?" "చిన్నా." "అమ్మ పేరు?" "అమ్మ." "నాన్న పేరు?" "డాడీ." "ఫోన్ నంబరు తెలుసా?" "అమ్మ ఫోన్‌లో ఉంటుంది." "ఏ ఊరు వెళ్తున్నారు?" "పెళ్ళికి."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. ఆ సాయంత్రం పెళ్ళిలో నేనూ అందరికీ నవ్వుతూనే చెప్పాను. రాత్రి పడుకున్నాక ఏడుపొచ్చింది. పేపరు మీద పదకొండు సాధనాల పేర్లు రాసిన పిల్లాడికి బస్టాండులో ఒక్కటీ పనికి రాలేదు.

తప్పు బడిదని నేను అనను. బడి చేయగలిగింది బడి చేసింది. బొమ్మలు చూపించి పేర్లు నేర్పింది. ఆ పేర్లకి అర్థం ఇంట్లో నేర్పాలి. మరి మా ఇంట్లో ఏం జరుగుతోంది? బడి వ్యాను గేటు దగ్గరికి వస్తుంది. సంగీతం క్లాసుకి వాళ్ళ నాన్న బండి మీద దింపుతారు. ఊరెళ్తే ఆటో పిలుస్తాం. వాడు ఎక్కుతాడు, దిగుతాడు, మధ్యలో ఫోన్‌లో ఆట ఆడుకుంటాడు. ఫోన్ అంటే వాడికి ఆట వస్తువు. అందులో నుంచి మనిషిని పిలవాలంటే నా పేరు మీద వేలు పెడితే చాలు. పది అంకెలు వాడికి ఎప్పుడూ అవసరం పడలేదు. వాడి సంగతి సరే, నిజం చెప్పండి, మీ ఆయన నంబరు చూడకుండా మీకు వచ్చా? నాకు ఆ రోజుకి రాదు.

ఇక టెలిగ్రామ్. మన దేశంలో ఆ సేవ 2013 జూలైలోనే ఆగిపోయింది. మా వాడు పుట్టడానికి ముందే. పాఠం చెప్పిన టీచరమ్మకి కూడా టెలిగ్రామ్ అందుకున్న జ్ఞాపకం ఉండకపోవచ్చు. మా వాడి లెక్కలో అది వాళ్ళ అక్క ఫోన్‌లో ఉన్న నీలం రంగు యాప్. పాత సంగతులు తెలియడం మంచిదే. కానీ పనికొచ్చే నంబరు రాకుండా ఆగిపోయిన తంతి ఒక్కటే వస్తే ఏం లాభం?

ఆ పెళ్ళి నుంచి తిరిగొచ్చాక నేను మొదలుపెట్టిన పనులు చెప్తాను. గొప్ప పద్ధతులేమీ కావు. ఎవరింట్లోనైనా చేయొచ్చు.

మొదటిది పేర్లు, నంబరు. అమ్మ పూర్తి పేరు, నాన్న పూర్తి పేరు, ఇంటి పేరు, వీధి, ఊరు. నా ఫోన్ నంబరును అయిదు అంకెలు, మళ్ళీ అయిదు అంకెలుగా విడగొట్టి, అన్నం తినిపించేటప్పుడు ఎక్కం చెప్పించినట్టు చెప్పించాను. నాలుగు రోజుల్లో వచ్చేసింది. చెప్పడం వేరు, నొక్కడం వేరు అని మా అత్తయ్యగారి బటన్ ఫోన్ ఇచ్చి నొక్కించాను. పక్కగదిలో నా ఫోన్ మోగగానే వాడి ముఖం చూడాలి! తర్వాత ఆపదలో నొక్కాల్సిన 112, అంబులెన్సుకి 108, పిల్లల సహాయానికి 1098 చెప్పాను. "ఒక్కసారి చేసి చూడనా అమ్మా?" అన్నాడు. "మనం సరదాకి చేసిన నిమిషంలో నిజంగా అవసరమైనవాళ్ళు అవతల ఎదురుచూస్తుంటారు" అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఫోన్ నేర్పడంలో ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. కొత్తవాళ్ళెవరో ఫోన్ చేస్తే మా వాడు "డాడీ ఊరెళ్ళారు, అమ్మ స్నానం చేస్తోంది, నేనొక్కడినే ఉన్నాను" అని సమస్తం చెప్పేసేవాడు. అబద్ధాలాడకూడదని నేర్పింది మనమే కదా! "ఎవరండీ మాట్లాడేది? అమ్మ మళ్ళీ చేస్తుంది" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేయడం నేర్పాను. ఏం చెప్పాలో తెలియడం ఎంత అవసరమో, ఏం చెప్పకూడదో తెలియడం కూడా అంతే అవసరం.

రెండోది బస్సు. నెలలో రెండు ఆదివారాలు మా వాడు, నేను బస్సులోనే ఎక్కడికో అక్కడికి వెళ్తాం. బోర్డు వాడే చదవాలి. మా వాడికి ఒత్తులు సరిగ్గా వచ్చింది రెండో తరగతి వాచకంలో కాదు, "సామర్లకోట", "ద్వారపూడి", "కొవ్వూరు" బోర్డుల దగ్గరే. టికెట్టు కూడా వాడే అడగాలి. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. నాకు సున్నా టికెట్టు, వాడికి అర టికెట్టు. "నువ్వు పెద్దదానివి, నీకు ఊరికే, నేను చిన్నవాణ్ణి, నాకు డబ్బులా?" అని మొదటిరోజు పెద్ద గొడవ. చిల్లర లెక్కపెట్టుకుని జేబులో వేసుకోవడంతో ఆ గొడవ సర్దుకుంది. తప్పిపోతే ఏం చేయాలో కూడా బస్సులోనే చెప్పాను. నిలబడ్డ చోటే నిలబడు. యూనిఫాం ఉన్న కండక్టర్నో, ఎంక్వైరీనో, పిల్లల్ని వెంటబెట్టుకున్న ఆంటీనో అడుగు. ఎవరు రమ్మన్నా బస్టాండు దాటి బయటికి వెళ్ళకు.

మూడోది గోదావరి. రాజమండ్రిలో ఉండి రవాణా సాధనాలు చార్టు మీద చూపించడం ఎంత అన్యాయమో నాకు ఆలస్యంగా తెలిసింది. 1974లో కట్టిన మన రోడ్డు కమ్ రైలు వంతెన ఉందా, పైన బస్సులూ లారీలూ, కింద రైలు. గట్టు మీద నిలబడితే కింద పడవ, మధ్యలో రైలు, పైన బస్సు ఒకే చూపులో కనిపిస్తాయి. పక్కనే 1900లో రైళ్ళకి తెరిచిన పాత హేవలాక్ వంతెన. దాదాపు నూరేళ్ళు రైళ్ళని మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. "వంతెన లేనప్పుడు ఎలా దాటేవాళ్ళమ్మా?" అన్నాడు. అందుకే కోటిపల్లి రేవుకి తీసుకెళ్ళి ముక్తేశ్వరం వైపు పంటు ఎక్కించాను. మనుషులు, మోటారు సైకిళ్ళు, కూరగాయల బుట్టలు అన్నీ కలిసి నది దాటుతుంటే వాడు నోరు తెరిచి చూశాడు. గోదారికి వరదొస్తే పంటు ఆగిపోతుందని, అప్పుడు ఆ జనం చుట్టూ తిరిగి వెళ్ళాలని విన్నాక, వంతెన ఎందుకు కడతారో నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

నాలుగోది ఉత్తరం. చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్తుంటే ఆవిడ చెల్లెలికి ఇన్లాండ్ కవర్లు రాసిపెట్టేదాన్ని. డిగ్రీలో తెలుగు చదివానన్న మాటే గానీ, వాక్యం ఎక్కడ ఆపాలో నేర్పింది ఆ ఉత్తరాలే. మా వాణ్ణి పోస్టాఫీసుకి తీసుకెళ్ళి కార్డు కొనిపించి, మా అమ్మకి రాయించాను. నాలుగే వాక్యాలు. అందులో ఒకటి "పూతరేకులు తెస్తావా" అని. చిరునామా రాయడం దగ్గర మాత్రం ఒక పూట పట్టింది. పిన్‌కోడ్ ఆరు అంకెలు ఎందుకని అడిగాడు. 1972లో మొదలైందని, మొదటి అంకె అయిదైతే ఆ ఉత్తరం ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు వెళ్తుందని, చివరి మూడు అంకెలు పోస్టాఫీసు గుర్తని చెప్పాను. డబ్బాలో వేసిన దగ్గర్నుంచి రోజూ "చేరిందా?" అని ఒకటే అడగడం. అయిదో రోజు మా అమ్మ ఫోన్ చేసి "మీ వాడు రాసిన కార్డు వచ్చిందే" అంది. తను పంపిన మాట తను చూడని దారిలో నడిచి, అమ్మమ్మ చేతికి చేరిందని వాడికి అప్పుడు అర్థమైంది. చిరునామా రాయడానికి ఒక పూట పట్టినవాడికి ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా ఇంటి నంబరుతో సహా వస్తుంది.

ఇదంతా మా తోటికోడలికి చెప్తే, "రోజులు ఎలా ఉన్నాయి, నువ్వేమో పిల్లల్ని బస్సుల్లో తిప్పుతున్నావు. అక్కా, నీకు భయం లేదా?" అంది. భయం ఎందుకు లేదు? ఆ పావుగంట చూసినదాన్ని నేను. కానీ భయంతో వాణ్ణి బస్టాండుకే తీసుకెళ్ళకపోతే, వాడు ఎప్పటికైనా బస్టాండులో నిలబడే రోజు రాకుండా ఆగుతుందా? నేను పక్కనున్నప్పుడు నేర్చుకోవడం మేలా, లేనప్పుడా? తీరిక ఎక్కడుందని కూడా కొందరంటారు. నిజమే. ఉద్యోగాలు చేసేవాళ్ళకి ఆదివారం ఒక్కటే దొరుకుతుంది, ఆ రోజే ఇంటెడు చాకిరీ. అయితే నంబరు నేర్పడానికి అన్నం తినేంత సేపు చాలు. బస్సు నెలకొకసారైనా చాలు. ఈ పని తల్లే చేయాలని కూడా లేదు. తాతయ్యలున్నారు, నాన్నలున్నారు. మా మావయ్యగారికి ఇప్పుడు మా వాణ్ణి స్టేషనుకి తీసుకెళ్ళి రైలు బోర్డులు చదివించడమే పెద్ద కాలక్షేపం.

ఇంతకీ నన్ను ఎక్కువగా కుదిపింది మా అమ్మాయి. తను ఇప్పుడు తొమ్మిదో తరగతి. తమ్ముడికి నేర్పడం చూసి, "నాకెందుకు నేర్పలేదమ్మా? నేనింతవరకూ ఒక్కదాన్నే ఆటో కూడా ఎక్కలేదు" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఆడపిల్ల కదా అని అడుగడుగునా దింపాం, ఎక్కించాం. నన్నూ మా ఇంట్లో అలాగే పెంచారు. పెళ్ళయిన పదేళ్ళ వరకూ నేను ఒంటరిగా రైలెక్కలేదు. మా అమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చినప్పుడు, తీసుకెళ్ళేవాళ్ళు దొరికేదాకా రెండు రోజులు ఇంట్లో కూర్చుని ఏడ్చాను. రైళ్ళు ఉన్నాయి, బస్సులు ఉన్నాయి, చేతిలో డబ్బులు ఉన్నాయి. వెళ్ళడం రాలేదు. చదువుకున్న రోజుల్లో ఆ సాధనాల పేర్లన్నీ నేనూ రాసినదాన్నే, మార్కులూ వచ్చాయి.

ఇప్పుడు మా అమ్మాయి వారానికి ఒకరోజు ట్యూషన్ నుంచి సిటీ బస్సులో ఒక్కతే వస్తోంది. దిగగానే ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ వచ్చేదాకా నేను వీధి గుమ్మంలోనే ఉంటాను. నా భయం నేను పడతాను, తన ప్రయాణం తను చేస్తుంది.

ఫ్రిజ్ మీద ఆ పదికి పది పేపరు ఇంకా ఉంది. దాని పక్కనే వాడు కొన్న మొదటి అర టికెట్టు అంటించాను. మీ పిల్లలు బడి నుంచి రాగానే ఈ సాయంత్రం ఒక్క ప్రశ్న అడగండి. "అమ్మ పూర్తి పేరేంటి, నంబరెంత?" ఏం చెప్పారో నాకూ చెప్పండి.