7 ఏళ్ల అప్‌డేట్స్ సరే, మరి డిస్‌ప్లే సంగతేంటి?

కొత్త ఫోన్ లాంచ్ అవ్వగానే ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ గురించి గంటలు గంటలు వాదించుకుంటాం. డిస్‌ప్లే దగ్గరకొస్తే మాత్రం ‘ఎల్‌టీపీఓ, 1-120 హెర్ట్జ్’ అని చదివేసి ముందుకెళ్లిపోతాం. ఆ పేరులో చివరి ‘ఓ’ అంటే ఆక్సైడ్. అసలు పని చేసేది అదే, మనం పట్టించుకోనిదీ అదే.

ముందు డోపింగ్ గురించి చూద్దాం. ఇది క్రీడాకారుల డోపింగ్ కాదు లెండి! ఇండియం ఆక్సైడ్ పారదర్శకంగా ఉంటుంది. అందులో బరువులో సుమారు 10 శాతం టిన్ ఆక్సైడ్ కలిపితే కరెంట్ కూడా బాగా పారుతుంది. ఇండియం స్థానంలో చేరిన టిన్ అణువు ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా ఇస్తుంది కాబట్టి. పాలకు తోడు వేసినట్టే: కలిపేది తక్కువ, మారేది మొత్తం గుణం. చాలా టచ్ స్క్రీన్లు ఈ ఐటీఓ పొరతోనే పనిచేస్తాయి.

ఇక ఎల్‌టీపీఓ సంగతి. 2004లో జపాన్‌లో హిదియో హోసోనో బృందం ఇండియం, గాలియం, జింక్ కలిసిన ఆక్సైడ్‌తో ట్రాన్సిస్టర్లు చేసి చూపించింది. ఇందులో గాలియం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, అందుకే లీకేజీ చాలా తక్కువ. పిక్సెల్‌లో చార్జ్ నిలుస్తుంది కాబట్టి స్క్రీన్ సెకనుకు ఒక్కసారి రిఫ్రెష్ అయినా సరిపోతుంది. 2019లో వచ్చిన యాపిల్ వాచ్ సిరీస్ 5లో ఆల్వేస్-ఆన్ డిస్‌ప్లే ఇలాగే సాధ్యమైంది.

అయితే ఈ ఆక్సైడ్‌కు కాంతితోనే చిక్కు. నీలం, అల్ట్రావయొలెట్ కాంతి పడితే ఆక్సిజన్ ఖాళీల నుంచి ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. పైగా గేట్‌పై నెగటివ్ వోల్టేజ్ కూడా ఉంటే, ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజ్ మెల్లగా పక్కకు జరుగుతుంది. కాంతిని అడ్డుకునే పొరలతో, తయారీలో జాగ్రత్తలతో కంపెనీలు దీన్ని అదుపు చేస్తాయి. కాబట్టి మీ ఫోన్ రేపే పాడైపోతుందని నేను భయపెట్టట్లేదు.

నా పాయింట్ ఒక్కటే. సాఫ్ట్‌వేర్ వాడిగా 7 ఏళ్ల అప్‌డేట్స్ అంటే నాకూ సంతోషమే. కానీ కోడ్‌లో బగ్ వస్తే ప్యాచ్ పంపొచ్చు, ఆక్సైడ్ పొరకు ప్యాచ్ ఎవరు పంపుతారు? ఏళ్ల తరబడి అప్‌డేట్స్ ఇస్తామనే కంపెనీ, డిస్‌ప్లేకు ఏడాది వారంటీ మాత్రమే ఇస్తే ఆ మాటకు సగమే విలువ. రివ్యూలు చేసే మనం కూడా మొదటి వారం బ్రైట్‌నెస్ కొలిచి వదిలేయకుండా, రెండేళ్ల తర్వాత అదే ఫోన్‌ను మళ్లీ టెస్ట్ చేయాలి.

ఈసారి ఫోన్ కొనేటప్పుడు ‘అప్‌డేట్స్ ఎన్నేళ్లు?’ అనే ప్రశ్నతో పాటు ‘డిస్‌ప్లే వారంటీ ఎన్నేళ్లు?’ అని కూడా అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే స్పెక్ షీట్‌లో ఆ లైన్ చేరుతుంది.